కొలువు ఎవరిది?

ఒంగోలు ప్రాంతమున ఒక క్రైస్తవ గృహమును తలంచుకొనవచ్చును. అటువంటి గృహములు తెలుగు దేశమున ఎన్నియో కలవు. కుమార్తె డిగ్రీ పూర్తిచేసినది. ఆ ఇంట ఆమెయే మొదటి పట్టభద్రురాలు. ఫలితములు వచ్చిన నాటినుండి ఇంటిలోని ప్రతి సంభాషణయు ఒకే ప్రశ్నయొద్ద ఆగుచున్నది: "ఇంక ఏం చేద్దామనుకుంటున్నావమ్మా?" తండ్రి మనస్సులో సమాధానము ఎప్పుడో సిద్ధమైనది. రైల్వే కావచ్చును, తపాలా శాఖ కావచ్చును, ఆదాయపు పన్ను కార్యాలయము కావచ్చును. సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగమైనచో చాలును. తల్లి ఆ మాటను కుటుంబ ప్రార్థనలో చేర్చినది. ఆదివారపు ఆరాధన ముగిసిన పిమ్మట పాస్టరుగారును "పరీక్ష ఎప్పుడమ్మా?" అని అడుగుచున్నారు. శిక్షణకు నంద్యాల పంపుటయా, హైదరాబాదు అశోక్‌నగర్‌లో గది తీసికొనుటయా అను చర్చ కూడ మొదలైనది.

ఏ ఉద్యోగము, ఎప్పుడు, ఎట్లు అని అందరును అడుగుచున్నారు. ఎందుకు అని మాత్రము ఎవరును అడుగలేదు. విద్య ముగించుకొనిన క్రైస్తవ యువతి ప్రభుత్వ కొలువును ఎంచుకొనుట యుక్తమేనా? యుక్తమైనచో దేనికొరకు? ఆ వాకిట ప్రవేశించుటకు ఆమె ఏమి చెల్లింపవచ్చును, ఏమి చెల్లింపరాదు?

ఈ ప్రశ్నకు సంఘములలో రెండు సులభమైన సమాధానములు వినబడుచుండును. మొదటిది: ఉద్యోగము లోకసంబంధమైనది, సువార్త సేవయే నిజమైన పిలుపు, ఉద్యోగస్థులు కానుకలిచ్చి ఆ సేవను పోషించినచో చాలును. రెండవది: ఉద్యోగము దేవుని ఆశీర్వాదము, అది దొరికిన దినమున సాక్ష్యము చెప్పి కృతజ్ఞతార్పణ చెల్లించినచో చాలును. మొదటి సమాధానము దేవుని కార్యాలయములోనికి రానియ్యదు. రెండవది నియామకపు ఉత్తరువు వచ్చిన దినమున ఆయనను పిలిచి, మరునాడే పంపివేయును. రెండింటిలోను ఒకే లోపము కలదు. ఉదయమునుండి సాయంకాలము వరకు ఆ బల్లయొద్ద జరుగు పనికి దేవునితో సంబంధము లేనట్లే అవి మాటలాడును.

సంఘసంస్కరణ కాలమున మార్టిన్ లూథరు ఈ అడ్డుగోడనే పడగొట్టెను. చెప్పులు కుట్టువాడును, కమ్మరియు, రైతును తమ తమ పనులలో నుండియే ప్రతిష్ఠింపబడిన యాజకులని 1520లో జర్మను ప్రభువులకు వ్రాసిన గ్రంథములో అతడు వాదించెను. పిలుపు అనునది మఠములలోని వారి సొత్తు కాదనియు, ఇతరులకు మేలుచేయు ప్రతి న్యాయమైన పనియు పిలుపేననియు సంస్కరణ సంఘములు నేర్చుకొనినవి.

తెలుగు భాషయు ఈ సత్యమును ఒక మాటలో నిలిపియున్నది. 'ఉద్యోగము' అను సంస్కృత పదమునకు మొదటి అర్థము ప్రయత్నము, పూనిక; జీతము ఆ మాటకు తరువాత వచ్చి చేరినది. అచ్చ తెలుగు మాట 'కొలువు'. రాజు సభతీర్చుట కొలువు. ఆ సభలో చేయు సేవయు కొలువే. దేవుని ఆరాధించుట కొలుచుట. ఉద్యోగమును ఆరాధనను ఒకే ధాతువుతో పలికిన పెద్దలు వేదాంతము చదివి ఆ పని చేయలేదు. మనుష్యుడు దేనికి తన దినములను అర్పించునో దానినే కొలుచుననుట వారు ఎరిగియుండిరి. అపొస్తలుడైన పౌలు పన్నులు వసూలుచేయు అధికారులను దేవుని సేవకులని చెప్పినప్పుడు (రోమా 13:6) వాడిన గ్రీకు పదము 'లెయితూర్గోయ్'. గ్రీకు పట్టణములలో ప్రజల కొరకు తన ఖర్చుతో ఒక కార్యమును నిర్వహించు పౌరుని సేవను తెలుపు మాట అది. సంఘారాధన క్రమమునకు నేడు వాడు 'లిటర్జీ' అను మాటయు దానినుండియే పుట్టినది. పన్నుల కార్యాలయమునకును ఆరాధన మందిరమునకును అపొస్తలుడు ఒకే కుటుంబపు మాటను వాడుటకు సంకోచింపలేదు.

కాబట్టి ప్రభుత్వోద్యోగమును కోరుట తప్పు కాదు. ఆ కొలువులో నిజముగా కొలువబడుచున్నది ఎవరు అనునదే ప్రశ్న. పై అధికారి కావచ్చును, పై రాబడి కావచ్చును. అయితే క్రొత్తగా డిగ్రీ పొందినవారి హృదయములో అన్నిటికంటె ఎత్తైన పీఠముపై కూర్చుండునది భద్రత.

భద్రతను కోరుట అవిశ్వాసమని చెప్పుట కడుపు నిండినవానికి సులభము. ఆ ఇంటి తాత మరియొకరి పొలములో పాలేరు. ఆసామికి కోపము వచ్చి "రేపటినుంచి రావద్దు" అనినచో పని ఆ మాటతోనే పోయెడిది. అప్పు మాత్రము పోయెడిది కాదు. అట్టి వంశమున పుట్టినవారు నెలనెలా తప్పక వచ్చు జీతమును, జబ్బుచేసినప్పుడు వైద్యమును, "రావద్దు" అని ఒక్క మాటతో పంపివేయజాలని యజమానిని కోరినచో అది దురాశ కాదు. పింఛను విషయములో కాలము మారినది. 2004 జనవరి 1 తరువాత చేరినవారికి, సైన్యమును మినహాయించి, పాత పింఛను లేకపోయెను. జీతమునుండి చందా మినహాయించు జాతీయ పింఛను విధానము వచ్చినది. 2025 ఏప్రిల్ 1 నుండి ఏకీకృత పింఛను పథకమును ఎంచుకొను అవకాశము కలిగినది. అయినను ఆ ఆకర్షణ తగ్గలేదు. పేదవాని దృష్టిలో ప్రభుత్వపు ఉత్తరువు నేటికిని రాతిమీది అక్షరమే.

అయితే రాజ్యము తన సేవకులకు ఆ భద్రతను ఎందుకు ఇచ్చినది? ఈ ప్రశ్నకు చరిత్రలో స్పష్టమైన సమాధానము కలదు. 1949 అక్టోబరు 10న రాజ్యాంగ సభలో సర్వీసుల రక్షణను గూర్చి చర్చ జరిగినప్పుడు సర్దార్ పటేల్ దానిని గట్టిగా సమర్థించెను. అధికారి తన మనస్సులోని మాటను నిర్భయముగా చెప్పగలిగిననే దేశము ఐక్యముగా నిలుచునని ఆయన వాదన. నేటి రాజ్యాంగములోని 311వ అధికరణము ఆ తలంపునకు దగ్గర బంధువు. సివిలు ఉద్యోగిని నియమించిన అధికారికంటె తక్కువవాడు తొలగింపరాదు. కొన్ని మినహాయింపులు తప్ప, ఆరోపణలు తెలిపి, విచారణ జరిపి, సమాధానము చెప్పుకొను అవకాశమియ్యక ఎవరిని తొలగింపరాదు.

దీని భావమేమి? ఉద్యోగికి సుఖనిద్ర కలుగుటకు ఈ రక్షణ ఇయ్యబడలేదు. బలవంతుడు బల్లయెదుట నిలిచి "ఇట్లు వ్రాయుము" అనినప్పుడు, "అది నిజము కాదు, వ్రాయను" అని చెప్పగలుగుటకు ఇయ్యబడినది. పాలేరైన తాత ఆ మాట అనలేకపోయెను. అనినచో సాయంకాలమునకు గింజలు ఉండెడివి కావు. మనుమరాలు అనగలదు. భద్రత సత్యము కొరకు ఇయ్యబడిన సాధనము. ఇది గ్రహించినచో ఉద్యోగమును ఎంచుకొనుటకు ఒక మంచి కారణము దొరకును. ఆ ఉద్యోగములో ప్రవేశించు మార్గమును పరీక్షించుటకు ఒక కొలతయు దొరకును.

ఆ పరీక్ష హాలులో మొదలుకాదు. దరఖాస్తు నింపునప్పుడే మొదలగును. వర్గము అను గడియొద్ద ఆమె చేయి ఆగుచున్నది. ఆమెను గూర్చి రెండు పుస్తకములలో రెండు విధములుగా వ్రాయబడియున్నది. పాఠశాల రిజిస్టరులో ఆమె హిందువు, షెడ్యూల్డు కులము. ఆరవయేట చేర్చిననాడు ఉపాధ్యాయుడు వ్రాసెను, తండ్రి వేలుముద్రవేసెను. సంఘపు రిజిస్టరులో ఆమె బాప్తిస్మము పొంది, ప్రభురాత్రి భోజనములో పాలుగలిగిన సభ్యురాలు. ఇంతవరకు ఆ రెండు పుస్తకములు ఒకదానినొకటి చూడలేదు. ఆ మొదటి వ్రాతకు ఆమె బాధ్యురాలు కాదు. కాని దరఖాస్తు క్రింద "ఇవి నిజములు" అని సంతకము చేయవలసినది ఆమెయే.

చట్టము కఠినమైనది. 1950 ఆగస్టు 10నాటి రాష్ట్రపతి ఉత్తరువు హిందూ మతస్థులను తప్ప ఇతరులను షెడ్యూల్డు కులములవారిగా ఎంచలేదు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చిరి. క్రైస్తవులును ముస్లిములును వెలుపలనే నిలిచిరి. షెడ్యూల్డు తెగలవారికి ఇట్టి మతనిబంధన లేదు. క్రైస్తవ దళితులు పాటించబడు అంటరానితనము బాప్తిస్మముతో మాయమగునట్లు ఆ ఉత్తరువు భావించినది. ఊరిలో మాత్రము పేట మారలేదు, బావి మారలేదు; కొన్నిచోట్ల శ్మశానములోను గోడ కూలలేదు. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషను ఆ మతనిబంధనను తొలగింపవలెనని సిఫారసు చేసినది. 2022లో జస్టిస్ కె.జి. బాలకృష్ణన్ అధ్యక్షతన మరియొక కమిషను నియమింపబడినది. ఇంతలో 2024 నవంబరు 26న సుప్రీంకోర్టు పుదుచ్చేరిలోని ఒక గుమాస్తా ఉద్యోగపు వ్యాజ్యములో తీర్పు చెప్పుచు, క్రైస్తవ విశ్వాసమును ఆచరించుచు ఉద్యోగము కొరకు మాత్రమే హిందువునని చెప్పుకొనుట రాజ్యాంగమునే మోసగించుటయని పలికినది.

క్రైస్తవులుగా చెప్పుకొనువారికి మార్గము పూర్తిగా మూసివేయబడలేదు. క్రైస్తవులైన షెడ్యూల్డు కులములవారును వారి సంతానమును ఆంధ్రప్రదేశ్‌లో వెనుకబడిన తరగతుల 'సి' వర్గము క్రిందికి వచ్చెదరు. ఆ వర్గమునకు రాష్ట్రములో ఒక శాతము రిజర్వేషను. 1993లో కేంద్రోద్యోగములలో ఇతర వెనుకబడిన తరగతులకు 27 శాతము రిజర్వేషను అమలులోనికి వచ్చినప్పటినుండి అక్కడను ఒక తలుపు తెరువబడినది. అయితే ఆ తలుపునొద్ద జనసమూహము మిక్కుటము. సివిలు సర్వీసు పరీక్షకు షెడ్యూల్డు కులములవారు 37 ఏండ్లవరకు ఎన్ని పర్యాయములైనను కూర్చుండవచ్చును. వెనుకబడిన తరగతులవారికి 35 ఏండ్లు, తొమ్మిది పర్యాయములు. దరఖాస్తు రుసుములోను తేడా కలదు. సత్యము చెప్పుటకు వెల కలదు. అది ఏండ్లలోను రూపాయలలోను లెక్కింపదగిన వెల.

ఇక్కడ ఎవరైనను ఎస్తేరును జ్ఞాపకము చేయవచ్చును. మొర్దెకై ఆజ్ఞచొప్పున ఆమె తన జాతిని తెలుపలేదు (ఎస్తేరు 2:10). ఆమె దాచినను దేవుడు ఆమెను వాడుకొనెను గదా? ఈ వాదమును తేలికగా త్రోసివేయరాదు. అయితే ఎస్తేరు ఆ స్థానమును కోరి దరఖాస్తు పెట్టుకొనలేదు. రాజాజ్ఞ ఆమెను పట్టుకొనిపోయినది. బలవంతుని గృహములో బందీయైన బాలిక మౌనము వేరు, న్యాయము జరిగించు పదవిని కోరి చేయు సంతకము వేరు. మరియు ఆ గ్రంథమును చివరివరకు చదువవలెను. ఎస్తేరు మౌనము ఆమె ప్రజలను రక్షింపలేదు. ప్రాణమునకు తెగించి ఆమె తన జాతిని ఒప్పుకొనిన దినమున వారు రక్షింపబడిరి.

మరియొక ప్రశ్న దీనికంటె బరువైనది. చట్టమే అన్యాయమైనప్పుడు దానియెదుట సత్యము చెప్పుట దేనికి? అన్నము పెట్టని చట్టమునకు నిజాయితీ బాకీయా? ఈ ప్రశ్న అడుగువారి బాధ నిజమైనది. అన్యాయమైన చట్టమునకు ఎవరును గౌరవము బాకీపడలేదు. అయితే అన్యాయమును ఎదిరించుటకును దానినుండి దాగుకొనుటకును భేదము కలదు. దాగుకొనిన ప్రతి కుటుంబముతో క్రైస్తవ దళితుల లెక్క ఒకటి తగ్గును. కమిషను వచ్చి "అట్టివారు ఎందరున్నారు? వారి స్థితి యేమి?" అని అడిగిననాడు పుస్తకములలో వారు కనబడరు. లేనివారికి న్యాయమెట్లు చేయుదురు?

అంతకంటె దగ్గరి నష్టము మరియొకటి కలదు. దాచి చేరిన ఉద్యోగి భద్రత పొందినట్లు కనబడును, నిజమునకు పొందలేదు. ఆదివారము మందిరపు మెట్లు ఎక్కునప్పుడు ఆమె చుట్టు చూచుకొనవలెను. బిడ్డ బాప్తిస్మపు ఛాయాచిత్రము గోడకు తగిలింపరాదు. ఎవరో ఒకడు అర్జీ పెట్టుననియు, ధ్రువీకరణ పత్రము రద్దగుననియు ముప్పది సంవత్సరములు భయము. ఒకనాడు అన్యాయపు ఫైలు ఆమె బల్లమీదికి వచ్చును. "వ్రాయను" అని ఆమె అనబోవును. ఎదుటివాడు చిరునవ్వుతో "తమరు ఏ చర్చికి వెళతారండీ?" అని అడిగినచో చాలును. నిజము చెప్పుటకు ఇయ్యబడిన భద్రత అచ్చటనే ముగిసినది. తాతకు ఆసామి భయము, మనుమరాలికి కాగితపు భయము. భయము మాత్రము ఇల్లు విడువలేదు.

ఆ ప్రాంతపు సంఘముల పుట్టుకలోనే దీనికి సంబంధించిన ఒక సంగతి కలదు. 1876 మొదలు 1878 వరకు మద్రాసు రాజధానిలో ఘోరమైన కరవు. ఒంగోలులోని బాప్తిస్టు మిషనరీ జాన్ క్లౌ బకింగ్‌హాం కాలువ త్రవ్వకములో కొన్ని మైళ్ల పనిని ప్రభుత్వమునొద్ద కాంట్రాక్టుగా తీసికొని, ఆకలిగొన్న వేలమందికి కూలి చూపెను. ఆ పనిలో ఉన్నవారిలో అనేకులు బాప్తిస్మము కోరిరి. ఆయన ఇయ్యలేదు. కూలికొరకు విశ్వాసమను మాట పుట్టకూడదని, కరవు సహాయము ముగియువరకు బాప్తిస్మములను నిలిపివేసెను. సహాయము ఆగిపోయెను, అయినను వారు తిరిగివచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క దినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. వారిలో అత్యధికులు మాదిగలు. ఆ నామము ధరించినందున వారికి కూలి పెరుగలేదు, భూమి రాలేదు. అనేకులకు ఊరిలో కష్టములే హెచ్చినవి. రొట్టెకొరకు ఆ నామమును తీసికొనినవారు కారని లోకమునకు తెలియునట్లు వారు తీసికొనిరి. వారి మునిమనుమరాలు నేడు రొట్టెకొరకు ఆ నామమును విడువవలసినదిగా అడుగబడుచున్నది. 1878నాటి ప్రశ్నయే ఇది. దిక్కు మాత్రము మారినది.

ఇంతవరకు చదివి సంఘపెద్దలు ఆ యువతివైపు వ్రేలు చూపినచో వారు ఏమియు గ్రహింపలేదు. సత్యమునకు కలిగిన వెలను ఇరువది రెండేండ్ల పిల్ల ఒంటరిగా చెల్లింపవలెనని సంఘము కోరజాలదు. రిజర్వేషను అవసరములేని కుటుంబములలో పుట్టిన బోధకులు త్యాగమును గూర్చి ఉపదేశించుట సులభము. ప్రసంగపీఠము దిగి వారు చేయవలసిన పనులు కలవు. వెనుకబడిన తరగతుల ధ్రువీకరణ పత్రము కొరకు తహశీల్దారు కార్యాలయమునకు ఆమెతోకూడ వెళ్లవచ్చును. శిక్షణకును గదికిని అయ్యెడి ఖర్చులో పాలుపంచుకొనవచ్చును. తొమ్మిది పర్యాయములలో మూడు పోయినప్పుడు "ఇంకను రాలేదా?" అని అడుగక ఆమెను నిలువబెట్టవచ్చును. చట్టము మారవలెనని బహిరంగముగా అర్జీలు పెట్టవచ్చును. అన్నిటికంటె ముందుగా, కులము చూచి వియ్యమందు ఆచారమును తమ గృహములనుండి తీసివేయవలెను. కులమును లోపల దాచుకొనిన సంఘము, కులమును కాగితముపై దాచిన పిల్లకు తీర్పు తీర్చుటకు తగదు.

ఇక ఉద్యోగములో చేరిన తరువాతి మాట. బాప్తిస్మమిచ్చు యోహానునొద్దకు సుంకరులును సైనికులును వచ్చి ఏమి చేయవలెనని అడిగినప్పుడు అతడు వారిని ఉద్యోగము మానుమనలేదు. నిర్ణయింపబడినదానికంటె ఎక్కువ తీసికొనవద్దనియు, ఎవరిని భయపెట్టి గుంజుకొనవద్దనియు, జీతముతో తృప్తిపొందుమనియు చెప్పెను (లూకా 3:12–14). అహాబు గృహనిర్వాహకుడైన ఓబద్యా యెజెబెలు పాలనలో నూరుమంది ప్రవక్తలను గుహలలో దాచి పోషించెను (1 రాజులు 18:4). దాచుట అను పనియే అక్కడ వేరు రూపము ధరించినది. అతడు ఇతరుల ప్రాణమును దాచెను. తాను యెహోవాయందు భయభక్తులు గలవాడనని ప్రవక్తయెదుట ఒప్పుకొనెను. కేంద్ర ప్రభుత్వపు బల్లయొద్దకు గుహలు వెదకుచు ఎవరును రారు. ప్రావిడెంటు ఫండు కాగితము తిరిగివచ్చిన కూలివాడు వచ్చును. భర్త పింఛను తన పేర మార్చుకొనుటకు నాలుగవసారి తిరుగుచున్న విధవరాలు వచ్చును. ఫారము చదువలేని ముసలివాడు తపాలా కార్యాలయపు కిటికీయొద్ద నిలుచును. "రేపు రా" అను మాట ఆ కుటుంబము తరతరములుగా వినినది. ఆ మాట తన నోట రానియ్యకుండుటయే ఆమె లిటర్జీ.

ఆమెకు ఉద్యోగము రాకపోవచ్చును. సివిలు సర్వీసు పరీక్షకు ఏటేట సుమారు పది లక్షలమంది దరఖాస్తు చేయగా, వేయిమందికి అటు ఇటుగా ఎంపికయగుదురు. ఎంపికకాని వారిని దేవుడు పిలువలేదని చెప్పుట క్రూరత్వము. పిలుపు పరీక్షా ఫలితములలో అచ్చుపడునది కాదు. బడిలోగాని, బ్యాంకులోగాని, చిన్న అంగడిలోగాని కొలువవలసినవానిని కొలువవచ్చును.

దరఖాస్తుకు ఇంక రెండు దినములు మాత్రమే గడువు ఉన్నది. రాత్రి భోజనమైన తరువాత తండ్రి రెండు ధ్రువీకరణ పత్రములను బల్లమీద ప్రక్కప్రక్కనే పెట్టెను. ఏది జతచేయవలెనో అతడు చెప్పలేదు. పాలేరు కుమారుడైన ఆ మనుష్యునికి రెండింటి వెలయు తెలియును. తల్లి దీపము దగ్గరకు జరిపి ప్రార్థించినది. ప్రతి రాత్రియు "నా బిడ్డకు ఉద్యోగము దయచేయుము" అని ముగించు ఆమె, ఆ రాత్రి ఒక మాట చేర్చినది: ఎవరికిని భయపడనక్కరలేని ఉద్యోగము దయచేయుమని. ఆ ప్రార్థనకు "ఆమేన్" అని పలుకగలిగిన కుమార్తెకు ఏ పత్రము తీసికొనవలెనో వేరుగా చెప్పనక్కరలేదు. ఆమె చెల్లింపబోవు వెలలో తన వంతు ఎంతయో సంఘము అడిగి తెలిసికొనును గాక.